జాతి పేరుతో కళాశాలలు ఇంకా ఎందుకు?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మీ అబ్బాయికి అమెరికా దక్షిణ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. ప్రవేశం వచ్చింది. వివరాలు చూస్తుంటే అది హెచ్.బి.సి.యు., అంటే చారిత్రకంగా నల్లజాతివారి కోసం ఏర్పడిన సంస్థ అని తెలిసింది. వర్ణవివక్ష చట్టాలు రద్దయి అరవై ఏళ్ళు దాటినా జాతి పేరుతో కళాశాలలు ఎందుకున్నాయని, అక్కడి పట్టాకు విలువ ఉంటుందా అని అడిగారు. అటువంటి ఒక కళాశాలలో ఇరవై రెండేళ్ళు గణితం చెప్పి విరమించినవాణ్ణి. రెండో ప్రశ్నకు జవాబు చివర్లో చెబుతాను, ఎందుకంటే మొదటిది తెలియకుండా చెప్పే ఏ జవాబైనా వదంతి స్థాయిలోనే ఉంటుంది.

ముందు ఒక అపోహ. ఈ సంస్థల్లో నల్లవారికే ప్రవేశం అనుకోవడం పొరపాటు. 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ప్రకారం, 1964కు ముందు స్థాపితమై, నల్లజాతి అమెరికన్ల విద్యను ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్న గుర్తింపు పొందిన సంస్థలు ఈ కోవలోకి వస్తాయి. అంటే ఆ పేరు ఆ సంస్థ ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది తప్ప ఎవరిని చేర్చుకుంటుందో చెప్పదు. ఇప్పుడివి వంద వరకు ఉన్నాయి. 1867లో వాషింగ్టన్‌లో ఏర్పడిన హోవర్డ్ విశ్వవిద్యాలయపు తొలి విద్యార్థుల్లో అక్కడి నిర్వాహకుల, అధ్యాపకుల పిల్లలైన తెల్లవారున్నారు. వెస్ట్ వర్జీనియాలోని బ్లూఫీల్డ్ స్టేట్‌లో ఈనాడు తెల్ల విద్యార్థులే ఎక్కువ. తలుపు మూసింది ఇటువైపు నుంచి కాదు.

అమెరికా అంతర్యుద్ధానికి (1861-65) ముందు దక్షిణ రాష్ట్రాల్లో అనేకచోట్ల బానిసలకు చదువు చెప్పడం నేరం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు జరిగాక ఆ చట్టాలు మరింత బిగిశాయి. అందుకే తొలి విద్యాలయాలు ఉత్తరాన పుట్టాయి. రిచర్డ్ హంఫ్రీస్ అనే క్వేకరు (శాంతివాద క్రైస్తవ శాఖకు చెందినవాడు) తన వీలునామాలో రాసిన పదివేల డాలర్లతో 1837లో పెన్సిల్వేనియాలో మొదలైన పాఠశాలే నేటి చెయినీ విశ్వవిద్యాలయం. తరువాత 1854లో అదే రాష్ట్రంలో లింకన్, 1856లో ఒహాయోలో విల్బర్‌ఫోర్స్ వచ్చాయి. యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయిన 1865 తరువాత మాత్రం దక్షిణాన పదేళ్ళలో డజన్లకొద్దీ వెలిశాయి: నాష్‌విల్‌లో ఫిస్క్, అట్లాంటాలో అట్లాంటా విశ్వవిద్యాలయం, వర్జీనియాలో హాంప్టన్, అలబామాలో టాలడెగా, మిసిసిపీలో టుగలూ.

ఈ కథను ఉత్తరాది మిషనరీల, ధనికుల దాతృత్వ కథగా చెప్పే అలవాటు చాలామందికి ఉంది. మిషనరీల శ్రమ నిజం, ప్రభుత్వపు విముక్తుల సహాయ సంస్థ ఇచ్చిన కట్టడాలూ నిజం. అయితే మిస్సోరీలోని లింకన్ విశ్వవిద్యాలయానికి పునాది వేసింది నల్లజాతి సైనికులు. యుద్ధకాలంలో దళంలోనే అక్షరాలు నేర్చుకున్న ఆ మనుషులు, విడుదలై ఇంటికి వెళ్ళేముందు, తమ జీతాల్లోంచి ఐదువేల డాలర్లకు పైగా పోగుచేసి 1866లో బడి పెట్టించారు. మోర్‌హౌస్ 1867లో ఒక నల్లజాతి బాప్టిస్టు చర్చి నేలమాళిగలో ప్రారంభమైంది, ఆడపిల్లల కళాశాల స్పెల్మన్ 1881లో ఇంకో చర్చి నేలమాళిగలో.

ఫిస్క్ కథను కాస్త విడిగా చెప్పాలి. స్థాపించిన అయిదేళ్ళకే అది మూతపడే స్థితికి వచ్చింది. కోశాధికారి జార్జ్ వైట్, 1871 అక్టోబరులో, మిగిలిన కాస్త డబ్బూ తీసుకుని తొమ్మిదిమంది విద్యార్థుల గాయక బృందంతో ఉత్తరాదికి బయలుదేరాడు. వారిలో చాలామంది బానిసలుగా పుట్టినవారే. మొదట ఆనాటి ప్రజాదరణ పొందిన పాటలు పాడితే ఎవరూ పట్టించుకోలేదు. తమ తల్లిదండ్రులు పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో పాడుకున్న పాటలను పరాయివారి ముందు పాడటం వారికి మొదట ఇష్టంలేదు, కానీ పాడిననాటినుంచి సభలు నిండిపోయాయి. 1873లో విక్టోరియా రాణి ఎదుట పాడారు. ఆ సంపాదనతో కట్టిన జూబిలీ హాల్ నేటికీ నిలిచి ఉంది. నల్లజాతి ఆధ్యాత్మిక గీతాలు ప్రపంచ సంగీతంలోకి ప్రవేశించింది ఒక కళాశాల అప్పులు తీర్చే ప్రయత్నంలో.

ఇక నల్లవారికి ఏ చదువు చెప్పాలన్న వివాదం. అలబామాలోని టస్కీగీలో, బానిసగా పుట్టి తగరపు పనివాడైన లూయిస్ ఆడమ్స్, నల్లవారి ఓట్లను ఒక తెల్ల అభ్యర్థికి ఇప్పించి, ప్రతిగా ఏడాదికి రెండువేల డాలర్ల ప్రభుత్వ నిధి సాధించాడు. దానితో 1881 జూలై 4న నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ బడి తెరిచాడు. కట్టడాలకు ఇటుకలు విద్యార్థులే కాల్చారు. మూడుసార్లు బట్టీ పాడైతే నాలుగోసారికి ఆయన తన గడియారం తాకట్టు పెట్టాడు. వృత్తివిద్య, పొదుపు, భూమి కొనుక్కోవడం ముందు, రాజకీయ హక్కులు తరువాత అన్నది ఆయన బహిరంగంగా చెప్పిన అభిప్రాయం. 1895లో అట్లాంటాలో చేసిన ప్రసంగంతో తెల్లవారి ఆమోదం, వారి విరాళాలు దండిగా దొరికాయి. ఫిస్క్‌లో చదివి, హార్వర్డ్‌లో డాక్టరేటు పొంది, అట్లాంటా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న డు బోయిస్ దీన్ని తీవ్రంగా ఖండించాడు. ఓటు, పౌర సమానత్వం, ప్రతిభావంతులకు ఉన్నత విద్య, ఈ మూడింటినీ వదులుకోమనడం లొంగుబాటేనన్నాడు.

ఈ ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి పరీక్షల్లో వ్యాసాలు రాయిస్తుంటారు. అంత సులువుగా విడదీయలేమని నా అభిప్రాయం. ఓటుహక్కును కాలరాసిన అలబామా చట్టాలపై కోర్టులో జరిగిన పోరాటాలకు రహస్యంగా డబ్బిచ్చింది ఇదే వాషింగ్టన్. టస్కీగీలో పాఠాలు చెప్పినవారిలో ఎందరో ఫిస్క్ వంటి చోట్ల లాటిన్, గ్రీకు చదివినవారు. ఆయన భార్య మార్గరెట్ ముర్రే కూడా ఫిస్క్ పట్టభద్రురాలే. 1896లో టస్కీగీకి వచ్చిన వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్, పత్తి పీల్చేసిన నేలకు వేరుశనగ ఎందుకు మేలు చేస్తుందో రైతుల పొలాలకే బండి కట్టించి చెప్పించాడు. అనంతపురం రైతుకు అందులో కొత్తేమీ ఉండకపోవచ్చుగానీ, అప్పుల్లో కూరుకున్న కౌలుదారుకు అది బతుకుతెరువు. వృత్తివిద్య తక్కువదని కాదు, నల్లవారికి అది చాలునని తెల్ల దాతలు తీర్మానించడమే అసలు చిక్కు.

మీ అబ్బాయికి ప్రవేశం వచ్చింది ప్రభుత్వ సంస్థ కనుక 1890 నాటి రెండో మోరిల్ చట్టం గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. 1862లో వచ్చిన మొదటి చట్టం, వ్యవసాయ, సాంకేతిక కళాశాలల కోసం రాష్ట్రాలకు భూములిచ్చింది. దక్షిణ రాష్ట్రాలు దాదాపుగా ఆ ఫలాన్ని తెల్లవారి కళాశాలలకే పరిమితం చేశాయి. రెండో చట్టం, జాతి తేడా లేకుండా చేర్చుకోండి, లేదా నల్లవారికి వేరే కళాశాల పెట్టి నిధిని పంచండి అని షరతు పెట్టింది. పంపకం న్యాయంగా, సముచితంగా ఉండాలంది గానీ సమానంగా ఉండాలనలేదు. ఆ మాటల మధ్య సందులోంచి వంద సంవత్సరాల డబ్బు జారిపోయింది. ఫ్లోరిడా ఏ అండ్ ఎం, నార్త్ కరోలినా ఏ అండ్ టి, టెనెసీ స్టేట్, ప్రెయిరీ వ్యూ వంటివి ఈ వర్గంలోవి. 1896లో సుప్రీంకోర్టు, వేరు చేసినా సమానంగా ఉంటే చాలునని ప్లెసీ కేసులో తీర్పిచ్చాక, వేరు చేయడం నిక్కచ్చిగా జరిగింది, సమానత్వం కాగితం మీద మిగిలింది.

ఆ సూత్రాన్ని పడగొట్టినవారు ఈ కళాశాలల నుంచే వచ్చారు. నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పదలచుకున్నది ఇక్కడే. చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, అక్కడి న్యాయ పత్రికకు తొలి నల్లజాతి సంపాదకుడై, 1929లో హోవర్డ్ న్యాయ కళాశాల బాధ్యత చేపట్టాడు. అప్పటికి అది ఉద్యోగస్తుల కోసం నడిచే రాత్రి కళాశాల. దాన్ని పగటి కళాశాలగా మార్చి, ప్రమాణాలు కఠినం చేసి, రెండేళ్ళలో పూర్తి గుర్తింపు తెచ్చాడు. సగంమంది విద్యార్థులు తట్టుకోలేక వెళ్ళిపోయినా వెనక్కి తగ్గలేదు. న్యాయవాది సమాజాన్ని నిర్మించేవాడు కాకపోతే దాన్ని పీల్చే పరాన్నజీవే అవుతాడని విద్యార్థులకు చెప్పేవాడు. ఆ విద్యార్థుల్లో ఒకడు తుర్గుడ్ మార్షల్. సొంత ఊళ్ళోని మేరీలాండ్ న్యాయ కళాశాల నల్లవారిని చేర్చుకోదు కనుక, ఆయన ప్రతిరోజూ బాల్టిమోర్ నుంచి రైలెక్కి హోవర్డ్‌కు వచ్చి, 1933లో ప్రథముడిగా ఉత్తీర్ణుడయ్యాడు. రెండుమూడేళ్ళకే గురుశిష్యులిద్దరూ కలిసి, తలుపు మూసిన అదే మేరీలాండ్ కళాశాలపై కేసు గెలిచారు.

వారి వ్యూహం లెక్క చేసినట్టుగా ఉంటుంది, గణితంవాణ్ణి కనుక నాకది ప్రత్యేకంగా నచ్చుతుంది. వేరుపాటు తప్పని ముందే అనకుండా, సమానత్వం మాటను నిజంగా పాటించమని రాష్ట్రాలను నిలదీయడం, అదీ పై చదువుల్లో. ఊరూరా బడులను రెండు చేయడం రాష్ట్రాలకు చేతనైంది. రెండో న్యాయ కళాశాల, రెండో వైద్య కళాశాల కట్టాలంటే ఖజానా తట్టుకోదు. సైనికులు జీతాలతో పెట్టిన ఆ మిస్సోరీ లింకన్‌లో చదివిన లాయిడ్ గెయిన్స్ రాష్ట్ర న్యాయ కళాశాలలో సీటు అడిగితే, పొరుగు రాష్ట్రానికి వెళ్ళు, ఫీజు మేమిస్తాం అన్నారు. 1938 డిసెంబరులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. మిస్సోరీ అప్పటికప్పుడు, సెయింట్ లూయిస్‌లో ఒకప్పుడు సౌందర్య శిక్షణాలయం నడిచిన భవనంలో, లింకన్ పేరుతో నల్లవారి న్యాయ కళాశాల తెరిచింది. గెయిన్స్ అందులో చేరలేదు. 1939 మార్చిలో షికాగోలో ఒక సాయంత్రం బయటికి వెళ్ళినవాడు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఏమయ్యాడో ఇప్పటికీ తేలలేదు.

టెక్సాస్‌లో ఇదే మళ్ళీ జరిగింది. వైలీ కళాశాలలో చదివి తపాలా బట్వాడా చేసుకునే హీమన్ స్వెట్, రాష్ట్ర విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాలలో సీటు అడిగితే, ఆస్టిన్‌లో ఒక నేలమాళిగలో కొన్ని గదులు తీసుకుని, ఇదిగో మీ న్యాయ కళాశాల అన్నారు. 1950లో సుప్రీంకోర్టు, పేరుప్రతిష్ఠలు, పూర్వ విద్యార్థుల బలగం, తోటి విద్యార్థులతో వాదోపవాదాలు లేని చదువు సమానం కాజాలదని చెప్పి స్వెట్‌ను చేర్చుకోమంది. ఆ తీర్పు వెలువడడానికి కొన్ని వారాల ముందే హ్యూస్టన్ కన్నుమూశాడు. స్వెట్‌ను బయటే ఉంచడానికి హడావుడిగా పుట్టిన ఆ కళాశాల, తరువాత హ్యూస్టన్ నగరంలోని టెక్సాస్ సదరన్ విశ్వవిద్యాలయంలో భాగమై, ఇప్పుడు తుర్గుడ్ మార్షల్ పేరుతోనే నడుస్తోంది.

ప్లెసీ తీర్పును నేరుగా ఢీకొట్టాలని 1944లోనే హోవర్డ్ తరగతి గదిలో వాదించింది పౌలీ ముర్రే. ఆ ఏడాది పట్టభద్రుల్లో ఏకైక స్త్రీ, ప్రథమురాలు కూడా. సహపాఠులు నవ్వారు. తరువాత బడుల్లో జాతి వేరుపాటును సవాలు చేసిన బ్రౌన్ కేసు సిద్ధం చేసుకుంటున్నప్పుడు ఆమె అధ్యాపకుడు స్పాట్స్‌వుడ్ రాబిన్‌సన్ ఆ వ్యాసాన్ని బయటికి తీసి వాడుకున్నాడు. సుప్రీంకోర్టులో చేయబోయే వాదనలను మార్షల్ బృందం ముందుగా హోవర్డ్‌లోనే, ప్రశ్నలు వేసే విద్యార్థుల, ఆచార్యుల ముందు అభ్యాసం చేసేది. ఆ వేరుపాటు చెల్లదంటూ 1954 మే 17న వచ్చిన బ్రౌన్ తీర్పు వెనుక ఆ గదులున్నాయి.

వీధుల్లో జరిగిన పోరాటం మీకు కొంత తెలిసే ఉంటుంది కనుక క్లుప్తంగా చెబుతాను. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బొరోలో వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవారికే కేటాయించిన భోజన కౌంటరు దగ్గర కూర్చుని లేవని నలుగురూ నార్త్ కరోలినా ఏ అండ్ టి తొలి సంవత్సరం విద్యార్థులు. అదే ఊళ్ళోని ఆడపిల్లల కళాశాల బెనెట్ విద్యార్థినులు ఆ ఉద్యమంలో ఎంత ముఖ్యమో చాలా పుస్తకాలు చెప్పవు. ఏప్రిల్‌లో విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం పుట్టింది షా విశ్వవిద్యాలయంలో, సమావేశపరిచింది అక్కడి పూర్వ విద్యార్థిని ఎల్లా బేకర్. దీనికి మూల్యం కూడా వీరే చెల్లించారు. 1968 ఫిబ్రవరిలో ఆరెంజ్‌బర్గ్‌లోని సౌత్ కరోలినా స్టేట్‌లో పోలీసుల కాల్పులకు ముగ్గురు, 1970 మేలో జాక్సన్ స్టేట్‌లో ఇద్దరు చనిపోయారు. అదే నెలలో ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులపై జరిగిన కాల్పుల గురించి విన్నవారిలో ఈ రెండిటి పేరు తెలిసినవారు తక్కువ.

భారతదేశంతో వీటికి సంబంధం ఉంది. హోవర్డ్ ఆచార్యుడు హోవర్డ్ థర్మన్ నాయకత్వంలో వచ్చిన బృందం 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిసింది. కల్తీలేని అహింసా సందేశం ప్రపంచానికి బహుశా నల్లవారి ద్వారానే అందవచ్చని గాంధీ అన్నది ఆ సంభాషణలోనే. ఆ ఏడాది చివర్లో వార్ధాలో కలిసిన బెంజమిన్ మేస్, 1940లో మోర్‌హౌస్ అధ్యక్షుడయ్యాడు. పదిహేనేళ్ళ వయసులో ఆ కళాశాలలో చేరి 1948లో పట్టా పొందిన మార్టిన్ లూథర్ కింగ్ ఆయన శిష్యుడు. నాగపూర్ హిస్‌లప్ కళాశాలలో మూడేళ్ళు పనిచేసి గాంధీ పద్ధతులు అధ్యయనం చేసిన జేమ్స్ లాసన్, నాష్‌విల్‌లో ఫిస్క్, టెనెసీ స్టేట్ విద్యార్థులకు దెబ్బతిని కూడా తిరిగి కొట్టకపోవడం ఎలాగో సాధన చేయించాడు. 1964లో టుగలూ కళాశాల ఆహ్వానంపై మిసిసిపీకి వెళ్ళిన రామ్ మనోహర్ లోహియాను, తెల్లవారి ఫలహారశాలలోకి అడుగుపెట్టినందుకు పోలీసులు పట్టుకెళ్ళారు.

మరి వేరుపాటు చట్టాలు పోయాక ఏమైంది? మీరు అడిగినట్టే చాలా రాష్ట్రాలు అడిగాయి: ఇక ఇవెందుకు? ఉదాహరణకు టాలహాసీలో, ఫ్లోరిడా స్టేట్ అనే తెల్లవారి విశ్వవిద్యాలయానికి 1966లో కొత్త న్యాయ కళాశాల ఇచ్చి, అదే ఊళ్ళోని ఫ్లోరిడా ఏ అండ్ ఎం న్యాయ కళాశాలను 1968లో మూసేశారు. అది మళ్ళీ తెరుచుకున్నది 2002లో, అదీ ఆర్లాండోలో. సమైక్యత పేరుతో మూతపడింది ఎక్కువగా ఒకవైపు సంస్థలే. మంచి విద్యార్థులను, ఆచార్యులను, క్రీడాకారులను పెద్ద విశ్వవిద్యాలయాలు తీసుకుపోయాయి, కానీ పాత బకాయి ఎవరూ తీర్చలేదు.

బకాయి అన్నది అలంకారం కాదు. వ్యవసాయ పరిశోధనకు కేంద్రం ఇచ్చే డబ్బుకు సమానంగా రాష్ట్రం తన వాటా కలపాలి. 1862 నాటి కళాశాలలకు రాష్ట్రాలు పూర్తి వాటా, తరచు అంతకు మించి ఇస్తాయి. 1890 నాటి కళాశాలల విషయంలో సగం వాటాకు మినహాయింపు కోరే వెసులుబాటు ఉంది, దాన్ని చాలా ఏళ్ళు వాడుకున్నారు. 2023 సెప్టెంబరులో కేంద్ర విద్య, వ్యవసాయ శాఖల మంత్రులు పదహారు రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాశారు. 1987 నుంచి 2020 వరకు విద్యార్థి తలసరి లెక్కన సమానంగా ఇచ్చి ఉంటే ఈ కళాశాలలకు 1,200 కోట్ల డాలర్లకు పైగా అదనంగా వచ్చేవని, ఒక్క టెనెసీ స్టేట్‌కే 210 కోట్లు రావలసి ఉండేవని వాటి సారాంశం. కోర్టుకెక్కిన చోట కొంత రాబట్టారు: పదిహేనేళ్ళ వ్యాజ్యం తరువాత మేరీలాండ్ 2021లో 57.7 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. హార్వర్డ్ ఒక్కదాని మూలనిధి 5,000 కోట్ల డాలర్లు దాటింది. ఈ వంద సంస్థల మూలనిధులు మొత్తం కలిపినా అందులో పదోవంతుకు అటూఇటూ. మా విభాగంలో పైకప్పు కారుతుంటే కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ గుడ్డలు కప్పి పాఠం చెప్పిన రోజులు నాకు గుర్తే. దాన్ని చూసి వెళ్ళిన ఒక పరిశీలకుడు నిర్వహణ లోపమని రాశాడు. నిర్వహణ లోపాలు అసలు లేవని నేననను, ఉన్నాయి, కొన్నిచోట్ల గుర్తింపు పోయేంతగా ఉన్నాయి. అట్లాంటాలోని మోరిస్ బ్రౌన్ 2002లో గుర్తింపు పోగొట్టుకుని, ఇరవై ఏళ్ళకు తిరిగి తెచ్చుకుంది. ఏది లోపమో, ఏది లేమియో విడదీసి చూడాలంటాను.

ఇంత లేమిలోనూ ఫలితాలు చూడండి. సైన్సు, ఇంజనీరింగుల్లో డాక్టరేటు పొందే నల్లజాతివారిలో సుమారు నాలుగోవంతు తొలి పట్టా తీసుకున్నది ఈ కళాశాలల్లోనే, దేశంలోని ఉన్నత విద్యాసంస్థల్లో ఇవి మూడు శాతమైనా లేకపోయినా. మూడువేల మంది విద్యార్థులున్న న్యూ ఆర్లియన్స్‌లోని జేవియర్, వైద్య కళాశాలలకు నల్లజాతి విద్యార్థులను పంపడంలో చాలాకాలంగా అగ్రస్థానంలో ఉంది. నాసా గణిత శాస్త్రజ్ఞురాలు కేథరిన్ జాన్సన్ వెస్ట్ వర్జీనియా స్టేట్‌లో, రచయిత్రి టోని మోరిసన్, తమిళ తల్లి బిడ్డ కమలా హారిస్ హోవర్డ్‌లో, స్వతంత్ర ఘనా తొలి నాయకుడు ఎన్‌క్రుమా పెన్సిల్వేనియా లింకన్‌లో చదివారు. అయితే నల్లజాతి న్యాయమూర్తుల్లో ఎనభై శాతం ఇక్కడివారేనన్న లెక్కొకటి అందరూ చెబుతుంటారు. మరో తలుపు తెరిచి లేని తరాలను కూడా కలుపుకున్న లెక్క అది, నేటి విద్యార్థికి హామీగా చూపకూడదు.

ఇక మీ అబ్బాయి విషయం. ఎం.ఎస్. పట్టా విలువ విభాగాన్ని బట్టి ఉంటుంది, హెచ్.బి.సి.యు. అన్న ముద్రను బట్టి కాదు. ఇంజనీరింగులో నార్త్ కరోలినా ఏ అండ్ టి పేరు ఉద్యోగాలిచ్చే సంస్థలకు బాగా తెలుసు. హోవర్డ్ 2025లో అత్యున్నత పరిశోధనా విశ్వవిద్యాలయాల శ్రేణిలో చేరింది. చిన్న సంస్థల్లో కొన్నిటికి పరిశోధన బలం తక్కువ. ప్రాంతీయ గుర్తింపు ప్రస్తుతం ఉందా, విభాగంలో ఎందరు ఆచార్యులకు చురుకైన పరిశోధన నిధులున్నాయి, గత రెండేళ్ళలో ఎందరికి సహాయక వేతనం దొరికింది, ఈ మూడూ విభాగపు సమన్వయకర్తకు ఉత్తరం రాసి అడగండి. జవాబు వచ్చే తీరే మీకు సగం చెబుతుంది. భారతీయ ఆచార్యులు, తెలుగువారితో సహా, ఈ కళాశాలల ఇంజనీరింగు విభాగాల్లో చాలామంది ఉన్నారు కనుక, వంటకూ అద్దెకూ సంబంధించిన సలహాలకు కొదవుండదు.

ఒక్కటి మాత్రం అబ్బాయికి చెప్పి పంపండి. మొదటి వారంలో అక్కడి గ్రంథాలయంలో పాత పత్రాలు భద్రపరచిన గదికి వెళ్ళి, ఆ కళాశాల మొదటి కట్టడానికి డబ్బు ఎవరిచ్చారో అడగమనండి. మా కళాశాలలో ఆ జాబితా ఒక పాత ఖాతా పుస్తకంలో ఉంది. పాతిక సెంట్లు ఇచ్చిన ఒకామె పేరు పక్కన సంతకం ఉండాల్సిన చోట గీత ఒకటి గీసి ఉంటుంది.